క్రొత్త పికప్పు బండికి అమర్పులు: బరువు, బస, భద్రత

పూర్వము జాతరకుగాని, దూరపు సంతకుగాని బయలుదేరిన కుటుంబము గూడుబండి కట్టుకొని పోవుచుండెను. ఎండకు చాపల గూడు, పడుకొనుటకు గడ్డిపరుపు, బండి క్రింద వ్రేలాడు లాంతరు, నీళ్లకుండ - ఇవన్నియు ఆ బండికి అమర్పులే. రెండేండ్ల కొకసారి మాఘమాసమున మేడారములో జరుగు సమ్మక్క సారలమ్మ జాతరకు నేడును ఎడ్లబండ్లపై వచ్చి బసచేయువారు కలరు. కాని సరకు మోయుపని మాత్రము చాలవరకు చిన్న మోటారు బండ్లకు సంక్రమించినది. 2005లో టాటా ఏస్ బండి వచ్చిన పిమ్మట కూరగాయల వర్తకులు, చిన్న రైతులు కూడ సొంత బండి కొనుటకు సాహసించిరి. అంతకంటె పెద్దవియగు పికప్పు బండ్లు ఇప్పు డనేక గ్రామములలో కానవచ్చుచున్నవి.

బండి ఇంటికి వచ్చి, కొబ్బరికాయ కొట్టిన మరునాడే అది వెల్డింగు షాపునకు పోవును. తొట్టెపై ఇనుప చట్రము, దానిపై టార్పాలిను, ముందు బలమైన కడ్డీల కంచె, వెనుక సామానుపెట్టె, రెండవ బ్యాటరీ, నీళ్లపీపా - ఒకటి తరువాత ఒకటి చేరుచుండును. ఇందులో ఏది అక్కరకు వచ్చును, ఏది కీడు చేయును అని గ్రామస్థులు మొదట అడుగునది పంచాయతి సభ్యులనే. అందుచేత ఈ విషయమును మేము కొంత వివరముగ చెప్పదలచితిమి.

మొదట చూడవలసినది అందము కాదు, బరువు. ప్రతి బండి రిజిస్ట్రేషను పత్రములో రెండు అంకె లుండును. ఒకటి వట్టి బండి బరువు. రెండవది సరకుతో సహా మొత్తము ఎంత ఉండవచ్చునో తెలుపు బరువు. ఈ రెంటికి గల భేదమే మన సొమ్ము. దానినుండియే డ్రైవరు, సరకుదారు, అమర్పులు, సరకు అన్నియు పంచుకొనవలెను. ఒక ఉదాహరణము చూతము. మొత్తము బరువు 2,990 కిలోలు, వట్టి బరువు 1,690 కిలోలు అనుకొనినచో మిగులునది 1,300 కిలోలు. ఇద్దరు మనుష్యులకు 140 కిలోలు పోగా 1,160. మిరపకాయల టిక్కీ 40 కిలోలు తూగునని లెక్కించిన 29 టిక్కీలు పట్టును. ఇప్పుడు అమర్పులను చూడుడు. 40 మిల్లీమీటర్ల చదరపు ఇనుపగొట్టము, 3 మిల్లీమీటర్ల మందముగలది, మీటరునకు సుమారు మూడున్నర కిలోలు తూగును. తొట్టెపై చట్రమునకు 26 మీటర్లు పట్టినచో అదియే 90 కిలోలు. టార్పాలిను, త్రాళ్లు 25. రెండవ బ్యాటరీ 28. నలుబది లీటర్ల నీరు 40. పనిముట్ల పెట్టె 17. వెరసి 200 కిలోలు. ఇక సరకునకు మిగిలినది 960 కిలోలు, అనగా 24 టిక్కీలు. ప్రతి ప్రయాణమునను ఐదు టిక్కీల కిరాయి ఆ అమర్పులే తినివేయుచున్నవన్నమాట. యజమాని అది తెలియక పాత లెక్క ప్రకారము 29 టిక్కీలు ఎక్కించినచో బ్రేకులు, టైర్లు, కమ్మీలు ఆ 200 కిలోల భారమును ప్రతిదినము మోయవలసివచ్చును.

చట్టమును ఈ విషయమున కఠినముగనే యున్నది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మితిమీరిన బరువునకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలు. ఎక్కువైన సరకును దింపించుట కూడ కలదు. సరకు ప్రక్కలకుగాని, వెనుకకుగాని పొడుచుకొని వచ్చినను 20,000 రూపాయలే.

బరువు ఎంత అనుటతోపాటు ఎక్కడ అనునదియు ముఖ్యము. దీనిని ఎడ్లబండి తోలినవానికి వేరుగ నేర్పనక్కరలేదు. వెనుక బరువెక్కువైన కాడి పైకి లేచి ఎడ్ల మెడపట్టెడలు బిగియును. మోటారు బండిలో కాడి లేదు గాని, వెనుక ఇరుసునకు ఆవల బరువు పెట్టినచో ముందుచక్రములు తేలికయై స్టీరింగు పట్టు తప్పును. కావున బరువైన మూటలు తొట్టె ముందుభాగమున, క్రింద ఉండవలెను. ఖాళీ బుట్టలు పైన. నీళ్ల టాంకు పెట్టువారు మరియొకటి గమనింపవలెను. 500 లీటర్ల నీరు 500 కిలోలు. సగము నిండిన టాంకులో నీరు మలుపు మలుపునకు ఒక ప్రక్కకు కొట్టుకొని బండిని త్రోసివేయును. టాంకు లోపల అడ్డురేకు లుండవలెను, లేనిచో నిండుగగాని, ఖాళీగగాని నడపవలెను. తెలంగాణమున గ్రామపంచాయతుల ట్రాక్టరు టాంకర్లకును ఇదియే వర్తించును.

ముందు బిగించు ఇనుప కంచెను గూర్చి మా అభిప్రాయము స్పష్టము: అది వలదు. గుద్దుకొనినపుడు నలిగి తాకిడిని మ్రింగవలసిన ముందుభాగమును అది పనిచేయనీయదు. ఎదుట నున్న నడచువానికి అది ఇనుప గదయే. 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వము వీనిపై చర్య తీసికొనుమని రాష్ట్రములకు వ్రాసినది. తయారీదారు నిర్ణయించిన రూపమును అనుమతి లేక మార్చుట 52వ సెక్షనునకు విరుద్ధము. యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరునెలలవరకు శిక్షగాని, రెండునుగాని విధింపవచ్చును. విప్పి తీయదగిన టార్పాలిను, కొక్కెములు, త్రాళ్లు వేరు. తొట్టె ఎత్తు పెంచుట, చట్రము పొడిగించుట వేరు. సందేహమున్నచో వెల్డింగు మేస్త్రీని కాక రవాణాశాఖ వారినే అడుగవలెను. దీనికంటె చవుకగ లభించి ఎక్కువ మేలు చేయునది వెలుగును తిరుగగొట్టు పట్టీ: ముందు తెలుపు, వెనుక ఎరుపు, ప్రక్కల పసుపు. చీకటిలో రోడ్డుప్రక్క నిలిచిన బండి ప్రాణములు తీయకుండునది దానివలననే.

ఇక రాత్రి బస. గుంటూరు మిరప యార్డునకు సరకు తెచ్చిన రైతు అమ్మకము ముగియువరకు ఒకటి రెండు రాత్రులు టిక్కీలవద్దనే పడుకొనవలసి వచ్చుట క్రొత్త కాదు. బండి ప్రక్కనుండి క్రిందికి దింపదగిన టార్పాలిను పందిరి, మడతమంచము, దోమతెర, త్రాగునీరు ఉన్న చాలును. దీపమునకు పెద్ద బ్యాటరీ ఏల? 10 వాట్ల ఎల్‌ఇడి దీపము ఎనిమిది గంటలు వెలిగినను 12 వోల్టుల బ్యాటరీనుండి ఏడు ఆంపియరు-గంటలకు మించి తీసికొనదు. అయితే ఆ తీగెకు బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు తప్పక వేయవలెను. తీగె ఒరసికొని నిప్పంటుకొనినచో ప్రక్కనున్న ఎండుమిరప అంతయు ఆహుతియగును. చలిరాత్రులందు మూసిన టార్పాలిను లోపల బొగ్గుకుంపటి పెట్టుకొని నిద్రించుట కేవలము మృత్యువును పిలుచుటయే. ఆ పొగలోని విషవాయువునకు రంగుగాని, వాసనగాని లేదు. నిద్రలోనివాడు మరల లేవడు. బండిక్రింద నీడగ నున్నదని పడుకొనువారిని కూడ లేపి పంపవలెను. చక్రములకు ముందు, వెనుక చెక్కదిమ్మెలు పెట్టుట మరువరాదు.

అమర్పులలో కెల్ల ప్రమాదకరమైనది ఇంకొకటి కలదు: తొట్టెలో బల్లలు వేసి పెండ్లివారిని, కూలీలను ఎక్కించుట. సరకు యజమానికిగాని, అతని ప్రతినిధికిగాని భీమా రక్షణ కలదు; ఊరక ఎక్కినవారికి సరకుబండి భీమా వర్తింపదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బండి తిరుగబడినచో పరిహార భారము యజమాని పొలముమీద, ఇంటిమీద పడును. అతనికి లేకున్న బాధితులకును లేదు. పెండ్లి మాటలయందే, బస్సు మాటాడినారా అని సభ్యులు ఒకమాట అడిగినచో తరువాతి దుఃఖము తప్పవచ్చును.

అమర్పులన్నియు పూర్తియైన పిమ్మట, తొలి సరకు ఎక్కింపకముందే, బండిని దగ్గరి వేబ్రిడ్జికి తీసికొనిపోయి వట్టిగ తూచి చీటీ తెప్పించుడు. ఆ చీటీలోని బరువును మొత్తము బరువునుండి తీసివేసి, మనుష్యుల బరువు కూడ తగ్గించి, మిగిలిన అంకెను డ్రైవరు తలుపు లోపలివైపున రంగుతో వ్రాయించుడు. ఎక్కించు కూలీకి అదియే ఆజ్ఞ.