ఆపరేషన్ విశాఖలో, ఆ తర్వాతి బతుకు మన ఊళ్ళో

బరువు తగ్గించే ఆపరేషన్ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళకి ఎక్కువగా విశాఖపట్నంలోనే జరుగుతుంది. కొందరు హైదరాబాదు దాకా వెళతారు. నాలుగైదు రోజులు తిరక్కుండానే డిశ్చార్జి చేస్తారు. కారెక్కితే సాయంత్రానికల్లా బొబ్బిలిలోనో, టెక్కలిలోనో సొంతింట్లో ఉంటారు. సర్జను పని చాలావరకు అక్కడితో అయిపోతుంది. మనిషి పని ఆ రాత్రి నుంచి మొదలై ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆ ఏళ్ళలో తోడు ఎవరన్నది, ఆపరేషన్ ఎవరు చేస్తారన్నంత పెద్ద ప్రశ్న అని నా గట్టి నమ్మకం. మన దగ్గర ఆ ప్రశ్న అడిగేవాళ్ళు చాలా తక్కువ. ఏ ఆసుపత్రి మంచిది, ఎంతవుతుంది, ఇన్సూరెన్స్ వస్తుందా అని అడిగి ఆగిపోతాం.

ఆ ఇన్సూరెన్స్ సంగతిలో కూడా ముందు వెళ్ళినవాళ్ళ మాట పనికొస్తుంది. వైద్యుల కొలత వేరు, బీమా కొలత వేరు. ఆసియా వాళ్ళకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువుని లెక్కగట్టే అంకె, 27.5 దాటితే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, దానికి తోడు గుండెజబ్బో, అదుపు తప్పిన షుగరో, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బో ఉండాలి. డాక్టరు సలహా ఉండాలి, మిగతా దారులు ప్రయత్నించి ఫలితం రాలేదని తేలాలి. ఈ రెండు కొలతల మధ్య చిక్కుకున్నవాళ్ళకి ఏ కాగితం ఎప్పటినుంచి దాచుకోవాలో చెప్పగలిగేది ఆ ఫైలు పట్టుకుని తిరిగిన మనిషే.

ఇక అసలు సంగతి. ఎక్కువమందికి చేసే స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటు పోతుంది. బైపాస్‌లో పొట్టని చిన్నది చేసి, పేగుకి దారి మళ్ళిస్తారు. కాగితం మీద ఇది రెండు వాక్యాల విషయం. ఇంట్లో ఇది ఎలా ఉంటుందో చూడండి. మొదటి రోజుల్లో దగ్గుమందు సీసా మీద వచ్చే చిన్న ప్లాస్టిక్ మూత, అదే 30 మిల్లీలీటర్లది, మీ గ్లాసు అవుతుంది. వడకట్టిన చోడి అంబలి ఆ మూతలో పోసుకుని, గుటక గుటకకీ మధ్య ఆగుతూ తాగాలి. గబుక్కున తాగితే గుండెల కింద పట్టేసినట్టు నొప్పి, ఆ వెంటనే వాంతి. తర్వాత మెత్తటి తిండి, ఇంకొన్ని వారాలకి మామూలు తిండి. తిండికీ నీళ్ళకీ మధ్య అరగంట ఎడం. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్. గుడ్డుకి 6 గ్రాములే వస్తుంది కాబట్టి గుడ్లు, చేపలు, పప్పు, పెరుగు, ప్రొటీన్ పొడి అన్నీ లెక్కవేసుకోవాలి. పళ్ళెంలో ముందు ఖాళీ కావలసింది అన్నం పక్కనున్నవి, అన్నం ఆఖరున. అన్నం తినకపోతే తిన్నట్టే కాదనుకునే మన ఇళ్ళల్లో ఈ ఒక్క మార్పుకే అత్తగారికీ కోడలికీ మాటా మాటా వస్తుంది.

డైటీషియన్ ఇచ్చే చార్టులో ఇవన్నీ ఉంటాయి. అందులో లేనివి వేరే ఉన్నాయి. మూడో నెలకి దువ్వెన నిండా జుట్టు ఊడొస్తుంటే ఎంత భయమేస్తుందో ఉండదు. ఆ రాలడం చాలామందికి కొన్ని నెలల్లో ఆగిపోతుందని డాక్టరు చెప్పినా మనసు నమ్మదు. ఆపరేషన్ అయి మూడేళ్ళయిన ఒకావిడ తన జడ ముందుకేసుకుని చూపిస్తే నమ్ముతుంది. పైడితల్లి సిరిమాను పండగకి ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు, విస్తరి ముందు కూర్చుని మూడు ముద్దలకే లేచిపోతే ఎవరు ఏమంటారో, ఏం జవాబు చెప్పాలో కూడా చార్టులో ఉండదు. "ఓలమ్మ, ఏటిది, పిట్టకంటే తక్కువ తిన్నావు, ఇంకో గరిటె ఎయ్యనీ" అని పెద్దమ్మ ప్రేమగా వడ్డిస్తుంది. మన వైపు తిండి పెట్టడమే ప్రేమ. ఆ చేతిని నొప్పించకుండా ఆపడం నేర్చుకోవలసిన విద్య. "కొంచెమే పెట్టు పెద్దమ్మా, మళ్ళీ అడిగి పెట్టించుకుంటాను" అనే మాట పనిచేస్తుందని, పొట్ట నిండిందని వాదిస్తే పనిచేయదని ముందు ఆ దారిన నడిచినవాళ్ళే చెప్పగలరు.

అయితే ఆ ముందు నడిచినవాళ్ళు మనకి కనబడరు. దాచుకుంటారు. చిన్న ఊళ్ళలో మనిషి సన్నబడితే ఊరుకోరు. "సిక్కిపోనావేటి, ఒంట్లో బాగులేదా" అంటారు, షుగరొచ్చిందేమో అనుకుంటారు, ఇంకా పెద్ద జబ్బేదో అంటగడతారు. ఆపరేషన్ అని చెబితే "నోరు కట్టుకోలేక కోయించుకుంది" అంటారు. ఆ మాటకి భయపడి వాకింగ్ చేశాననీ, అన్నం మానేశాననీ చెబుతారు. అబద్ధం చెప్పారని వాళ్ళని తప్పుపట్టను. కానీ ఆ అబద్ధానికి రెండు చోట్ల ఖర్చవుతుంది. చెప్పుకోలేనివాడు కష్టమొచ్చినప్పుడు అడగలేడు. వాకింగ్ ఒక్కదానితోనే 40 కిలోలు తగ్గారని నమ్మిన పక్కింటి మనిషి, తనకి తగ్గనందుకు తన్ను తానే తిట్టుకుంటాడు. ఊబకాయం జబ్బు. దానికి వైద్యం చేయించుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో ఈ ఆపరేషన్ చేయించుకున్నారు, పత్రికలన్నీ రాశాయి. వాళ్ళు రాజకీయం మానలేదు, జనం వాళ్ళని చులకన చేయలేదు.

ఊరందరికీ చెప్పమని నేననను. ఎవరికి చెప్పాలో ఎంచుకోవడం కూడా వ్యక్తిత్వంలో భాగమే. ఇంట్లో ఒకరికి, స్నేహితుల్లో ఒకరికి, ఇదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురికి పూర్తిగా తెలిసి ఉంటే చాలు.

ఇక్కడ ఇంకో భయం సంగతి చెప్పాలి. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో కన్నుమూసినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నట్టు వార్తలొచ్చాయి. ఇప్పటికీ బరువు ఆపరేషన్ అనగానే ఆమె పేరెత్తేవాళ్ళున్నారు. లైపోసక్షన్ చర్మం కింద కొవ్వుని లాగేయడం. అది పొట్ట మీద చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ కాదు, ఊబకాయానికి వైద్యమూ కాదు. బేరియాట్రిక్‌లోనూ ముప్పు ఉంది. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం అరుదుగానైనా జరుగుతాయి. ఆ ముప్పుల్ని సర్జన్ని సూటిగా అడగాలి. ఒక నటి పేరు విని వెనక్కి తగ్గడం గానీ, ఒక స్నేహితురాలి ఫొటో చూసి ముందుకి దూకడం గానీ నిర్ణయం అనిపించుకోవు.

మరి తోడు ఎక్కడ దొరుకుతుంది? ఆసుపత్రిలో రివ్యూ రోజు వెయిటింగ్ హాల్లో. ఆపరేషన్‌కి ముందే ఒకసారి ఆ రోజు వెళ్ళి కూర్చోండి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళు మాటతీరుతోనే తెలిసిపోతారు. లేదా డైటీషియన్‌ని అడగండి: "మా వైపు వాళ్ళెవరైనా మాట్లాడటానికి ఒప్పుకుంటే, వాళ్ళని అడిగి నా నంబరు ఇవ్వగలరా?" రోగి అనుమతి లేకుండా వాళ్ళు పేరు చెప్పకూడదు, అందుకే మీ నంబరు ఇచ్చి రావడం మర్యాద. ఆసుపత్రి తనంతట తాను పిలిపించి కూర్చోబెట్టే "విజయం సాధించినవాళ్ళు" కూడా మంచివాళ్ళే. కానీ వాళ్ళొక్కరితోనే మాట్లాడి ఆగకండి.

ఎవరితో మాట్లాడాలన్నది ముఖ్యం. ఆపరేషన్ అయి నాలుగు నెలలైన మనిషి ఉత్సాహంగా ఉంటాడు, వారం వారం బరువు దిగుతుంటుంది. ఆయన మాట వినండి, కానీ ఆయన ఇంకా దారి మొదట్లోనే ఉన్నాడు. బరువు తగ్గడం సుమారు ఏడాదిన్నర, రెండేళ్ళకి ఆగుతుంది, ఆ తర్వాత కొంత తిరిగి పెరగడం మామూలే. అందుకే మూడేళ్ళు, అయిదేళ్ళు దాటినవాళ్ళని వెతకండి. "ఎంత తగ్గారు" అని అడక్కండి, ఆ అంకె మీకు సరిపోదు. విటమిన్ మాత్రలు ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నారా, బీ12, ఐరన్ పరీక్షలకి ఏడాదికి ఎంతవుతోంది, మళ్ళీ ఎంత పెరిగింది, పెరిగినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళారు అని అడగండి. ఆడవాళ్ళు ఆడవాళ్ళని అడగవలసినవి కొన్నున్నాయి. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. బరువు తగ్గగానే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళేమో "ఇప్పుడైనా ఒక నలుసు" అంటారు. ఆ ఒత్తిడిని ఎలా తట్టుకుందో ఇంకో కోడలు చెబితే ధైర్యమొస్తుంది.

తోడు ఎంత మంచిదైనా దానికో హద్దు ఉంది. ఆ హద్దు మన ప్రాంతం పాత చరిత్రతో ముడిపడింది. జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే వైద్యుడు 1835లో మద్రాసులో బెరిబెరి జబ్బు మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. ఆ జబ్బుకి ఆనాడు పేరుపడ్డ ప్రాంతం ఉత్తర సర్కార్లు, అంటే మన కోస్తాయే. కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తూలి, గుండె ఉబ్బి మనుషులు పోయేవారు. కారణం బీ1 విటమిన్ లోపమని తర్వాత ఎన్నో దశాబ్దాలకి గానీ తేలలేదు. తవుడంతా పోయేలా తెల్లగా పట్టిన బియ్యమే తిండైన చోట ఆ లోపం వస్తుంది. బరువు ఆపరేషన్ తర్వాత ఆగకుండా వాంతులయ్యేవాళ్ళకి ఇదే బెరిబెరి మళ్ళీ రావచ్చు. ఒంట్లో బీ1 నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు. ఇలాంటప్పుడు "నాకూ అయ్యాయి వదినా, అవే తగ్గిపోతాయి" అనే ఓదార్పు ప్రాణం మీదికి తెస్తుంది. ఊళ్ళో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేస్తే సరిపోతుందనుకోవడం మరీ ప్రమాదం. బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి విషమించవచ్చు. వాంతులు ఆగకపోయినా, పాదాలు మొద్దుబారినా, చూపు రెండుగా కనబడినా, మాట తడబడినా వెంటనే సర్జన్‌కి ఫోన్ చేయించడం, విశాఖ బయల్దేరదీయడం తోటి మనిషి పని. దగ్గర్లోని పెద్దాసుపత్రికి ముందు వెళ్ళవలసివస్తే "నాకు పొట్ట ఆపరేషన్ అయింది, బీ1 ఇవ్వాలేమో చూడండి" అని చెప్పడం రోగి పని. నొప్పి బిళ్ళల విషయమూ అంతే. బైపాస్ అయినవాళ్ళకి మెడికల్ షాపులో అడిగి కొనే నొప్పి మాత్రలు పొట్టలో పుండు చేయవచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇన్నేళ్ళుగా చూస్తున్న మనం, కిడ్నీకీ చేటు చేయగల ఆ మాత్రలంటే ఇప్పటికే జాగ్రత్తగా ఉండాలి. తోటివాళ్ళ నుంచి అనుభవం తీసుకోండి. మందు మాత్రం డాక్టరు రాసిందే.

ఇద్దరు ముగ్గురు దొరికాక ఏం చేయాలన్నది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. దాదాపు ఇంటింటికీ ఒక డ్వాక్రా మహిళ ఉన్న జిల్లాలు ఇవి. పదిమంది కూర్చోవడం, అందరూ మాట్లాడేలా చూడటం, ఒకరి ఇబ్బంది బయట చెప్పకపోవడం, రాని మనిషి ఇంటికి వెళ్ళి అడగడం మన పొదుపు సంఘాలకి అలవాటైన పనులు. నెలకోసారి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎవరింట్లోనైనా కూర్చోండి. బరువు అంకెలు చదవడంతో మొదలుపెట్టకండి, పెరిగినవాళ్ళు మర్నెల నుంచి రారు. ఈ నెల ఏది కష్టమైంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ఇలాంటి బృందాలకి వెళ్ళేవాళ్ళు ఎక్కువ బరువు తగ్గుతున్నట్టు విదేశాల్లో అధ్యయనాలు చూపించాయి. పట్టుదల ఉన్నవాళ్ళే బృందాలకి వెళతారేమో, అందుకని ఫలితమంతా బృందానిదే అనలేం. అయినా వెళ్ళడంలో నష్టం లేదు.

కలిసి చేయవలసిన పని ఇంకొకటుంది. త్వరగా బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. దాన్ని నిలబెట్టేవి ప్రొటీన్, బరువులెత్తే వ్యాయామం. ఈ విషయంలో మన నేల గొప్పది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆమె అక్కచెల్లెళ్ళూ బరువులెత్తినవాళ్ళే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి ఎందరో లిఫ్టర్లొచ్చారు. ఆ ఊరి మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం దక్కింది. పక్కింటి అమ్మాయి ఎత్తుతుంటే ఎత్తడం ఊరికి అలవాటైపోతుంది. డాక్టరు సరేనన్నాక రెండేసి కిలోల డంబెల్సుతో ముగ్గురు కలిసి మొదలుపెడితే చాలు, ఒంటరిగా మొదలుపెట్టినవాళ్ళకంటే ఎక్కువ కాలం సాగుతారు.

అన్నిటికంటే తోడు అవసరమయ్యేది బరువు మళ్ళీ పెరిగినప్పుడు. అప్పుడే మనిషి ఫోన్ ఎత్తడం మానేస్తాడు, రివ్యూకి వెళ్ళడు, డాక్టరు తిడతారనుకుంటాడు. కొందరికి ఆపరేషన్ తర్వాత దిగులు ఎక్కువవుతుంది. తిండితో తీర్చుకున్న బాధ ఇప్పుడు తీర్చుకునే దారిలేక మందు వైపు మళ్ళేవాళ్ళున్నారు. బైపాస్ అయినవాళ్ళకి కొద్ది మందుకే ఎక్కువ మత్తెక్కుతుంది, ఆ అలవాటు త్వరగా ముదురుతుంది. ఎవరైనా రెండు నెలలు కనబడకపోతే వెళ్ళి తలుపు తట్టండి. బరువు సంగతి ఎత్తకండి, టీ తాగి రండి. మాటల్లో బతకాలని లేదన్న ధోరణి వినబడితే అక్కడ కూర్చునే 14416కి ఫోన్ కలపండి. అది టెలి మానస్, 2022 నుంచి పనిచేస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆపరేషన్ అయి మూడో ఏడో, అయిదో ఏడో నడుస్తున్నవాళ్ళని ఒక పని చేసిపెట్టమని అడుగుతున్నాను. వచ్చే రివ్యూకి వెళ్ళినప్పుడు డైటీషియన్‌తో చెప్పండి: "శ్రీకాకుళం, విజయనగరం నుంచి కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే నా నంబరు ఇవ్వండి. పగలు పనిలో ఉంటాను, రాత్రి ఎనిమిది దాటాక చెయ్యమనండి."