పెరటి తంగేడు: పెంచు విధము

తంగేడును నాటి పెంచుడని వ్రాసినచో కొందరు రైతులు నవ్వుదురు. గట్టుమీద దానంతట మొలచు పొదను నాటుట యెందులకని వారి ప్రశ్న. మన తాతలకు నాటవలసిన పని లేకుండెను, నిజమే. కాని గట్లు చదునై, బీళ్లు ఇండ్లస్థలములైన గ్రామములలో బతుకమ్మ పండుగకు దోసెడు పూవు కొరకు ఆడువారు దూరము నడువవలసి వచ్చుచున్నది. తెలంగాణ ప్రభుత్వము 2014వ సంవత్సరమున రాష్ట్రపుష్పముగా ప్రకటించిన పూవు ఇదియే. దానిని అంగడిలో కొను దినము రాకమునుపే ప్రతి సభ్యుడును పెరటిలో నాలుగు మొక్కలు వేసికొనవలెనని మా మనవి.

మొక్క గుణము. తంగేడు మన దేశమునకును సింహళమునకును సహజమైన పొద. దాదాపు నిలువెత్తు పెరుగును. వేరు లోతుగా దిగుటచే వానలు తప్పిన యేటను తట్టుకొని నిలుచును. పశువులును మేకలును దీనిని సాధారణముగా మేయవు. కనుక కంచె ఖర్చు లేదు. పూవులో తేనె లేదు. నల్లని పెద్ద తుమ్మెదలు పుప్పొడికై వచ్చి, ఝుమ్మని కదిలించి, పొడిని రాల్చుకొనును. ఆ తుమ్మెదలే వంగపూవులను గూడ అట్లే కదిలించి కాపునకు తోడ్పడును. కావున కూరగాయల మడి దాపున తంగేడుండుట లాభమే.

నేల. ఎర్రచెల్క, గరప, గులకనేల అన్నియు సరిపోవును. ఎండ బాగుగా తగులవలెను. నీరు నిలుచు పల్లము మాత్రము పనికిరాదు.

విత్తనము. కాయలు గోధుమవన్నెకు తిరిగి ఎండిన పిమ్మట కోసి గింజ తీయవలెను. గింజపై పెంకు గట్టిది. అట్లే చల్లినచో అన్నియు ఒక్కసారి మొలవవు. కాచి దించిన వేడినీటిలో వేసి ఒక రాత్రి నాననీయవలెను. ఉబ్బిన గింజలను విత్తి, ఉబ్బనివానిని ఇసుకతో రుద్ది మరల నానవేయవలెను.

విత్తుట. తొలకరి పడగానే మొక్క ఉండవలసిన చోటనే విత్తుట మేలు. పెరిగిన మొక్కను పెరికి నాటినచో తల్లివేరు తెగును. రెండుమూడడుగుల యెడముతో చిన్న పాదులు చేసి, పాదునకు మూడు గింజలు వేసి, మొలచిన పిదప బలమైన దాని నొక్కదానినే ఉంచవలెను. మొదటి యేడు వాన వెనుకబడినచో వారమున కొకసారి చెంబెడు నీరు చాలును. రెండవ యేటినుండి వాననీరే చాలును. ప్రేమతో దినదినము నీరు పోయువారు వేరు కుళ్లించి మొక్కను చంపుకొందురు.

కత్తిరింపు. పూవులు క్రొత్త కొమ్మల చివరనే పూయును. కావున వేసవి చివర, తొలకరికి ముందు, ముదురు కొమ్మలను కత్తిరింపవలెను. శ్రావణము దాటిన పిమ్మట కత్తి ముట్టింపరాదు. ముట్టించినచో పండుగకు పూవుండదు. పండుగనాడు కొమ్మలు విరువక, పూగుత్తులనే కోసికొని, కొన్నిటిని గింజకై విడువవలెను. తోళ్లు పదును చేయుటకై బెరడు తీయువారు కాండము చుట్టును ఒలిచినచో పొద చచ్చును.

రొట్ట. కత్తిరించిన ఆకును లేతకొమ్మలను వరిమడిలో త్రొక్కవచ్చును. ఇది జనుము, జీలుగల వలె వేళ్ల బొడిపెలచే గాలిలోని నత్రజనిని పట్టునది కాదు. ఆకు కుళ్లుటచే కలుగు సారమే దీని సారము. కనుక దీనిని నాటినంతమాత్రమున నేల బలియునని యెంచరాదు.

బావినీటిని నమ్మిన తోట బావితో పాటు ఎండును. నీటి నడుగని మొక్కలు ఒక మూలనైన నుండుట గృహస్థునకు వివేకము. గట్టుమీద తంగేడు మిగిలియున్న సభ్యులు ఈ యేడు కాయలు ఎండిన తోడనే పిడికెడు గింజ తీసి, సంఘము కూడిన దినమున లేనివారికి పంచుదురు గాక. ఒక పొద గింజతో ఒక వీథి పెరళ్లన్నియు పూయగలవు.