ఉద్యోగులలో కార్యోత్సాహము – ఒక పరిశీలన

మన మల్కాజ్‌గిరి పరిసరములు చిరకాలముగా శ్రమజీవుల నివాసములు. నైజాము కాలమున, 1893లో, లాలాగూడలో రైల్వే కర్మాగారము వెలసినది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు ప్రధాన కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇరుగుపొరుగున నెలకొన్నవి. తెల్లవారకముందే టిఫిన్ డబ్బా చేతబట్టుకొని షిఫ్టుకు బయలుదేరు తండ్రులను, అన్నలను చూచుచు పెరిగిన విద్యార్థులు మనలో అనేకులు. ఒకే చోట, ఒకే జీతమునకు పనిచేయువారిలో ఒకరు మనసు పెట్టి పనిచేయుటకు, మరొకరు గడియారము చూచుచు ప్రొద్దు పుచ్చుటకు కారణమేమి? ఈ ప్రశ్నను ఈ వ్యాసమున పరిశీలింతము.

ప్రేరణ అనగానేమి?

మనిషిని పనికి పురికొల్పి, పని ముగియువరకు నిలబెట్టు అంతశ్శక్తియే ప్రేరణ. ఆజ్ఞ వలన మనిషి పనిస్థలమునకు వచ్చును. ప్రేరణ వలన అతని మనసు కూడ వచ్చును. రైలు పెట్టెలను విప్పి, మరమ్మతు చేసి, మరల పట్టాలపైకి పంపు కర్మాగారమును తలచుకొందము. ప్రతి బోల్టు వద్ద ఒక పర్యవేక్షకుని నిలుపుట అసాధ్యము. పెట్టె అడుగున, ఎవరి కంటబడని చోట, బ్రేకు అమరికను ఒకటికి రెండుసార్లు సరిచూచునది కార్మికుని మనస్సాక్షియే. అది సన్నగిల్లినచో దెబ్బతినునది జమాఖర్చుల లెక్క మాత్రమే కాదు. ప్రయాణికుల ప్రాణములు కూడ. కావున ఇది వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

వేతనము – మొదటి మెట్టు

అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రకటించిన శాస్త్రీయ నిర్వహణ సిద్ధాంతము ప్రకారము పనిని భాగములుగా విడదీసి, ప్రతి భాగమునకు పట్టు కాలమును కొలిచి, ఎక్కువ చేసినవానికి ఎక్కువ కూలి ఇవ్వవలెను. మన రైల్వే కర్మాగారములలో ప్రవేశపెట్టిన ‘చిత్తరంజన్ పద్ధతి’ ప్రోత్సాహక వేతనము ఈ కోవలోనిదే. అందు ప్రతి పనికి ఇంత కాలమని నిర్ణయింతురు. సాధారణ నైపుణ్యము గల కార్మికుడు తన వేతనముపై మూడవ వంతు అదనముగా సంపాదించుకొనగలుగునట్లు ఆ కాలమును లెక్కకట్టుదురు. ఆదా చేసిన కాలమునకు డబ్బు ముట్టును. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టము బోనస్‌ను యజమాని దయగా గాక కార్మికుని హక్కుగా నిలిపినది. 1979–80 నుండి రైల్వేలలో ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ ప్రారంభమైనది.

అయినను డబ్బు శక్తికి రెండు పరిమితులున్నవి. కేవలము సంఖ్యను బట్టియే కూలి ఇచ్చినచో చేయి పరుగెత్తును, కన్ను వెనుకబడును, నాణ్యత దెబ్బతినును. రెండవది, ఏటేట వచ్చు బోనస్ కొంతకాలమునకు జీతములో కలిసిపోయినట్లే తోచును. వచ్చినపుడు కలుగు సంతోషము స్వల్పము. ఆగినపుడు కలుగు కోపము అధికము.

గౌరవము, గుర్తింపు

1924 – 1932 మధ్య అమెరికాలో చికాగో సమీపమున గల హాథార్న్ కర్మాగారమున ప్రసిద్ధమైన పరిశోధనలు జరిగినవి. వెలుతురు, విశ్రాంతి వేళలు మార్చి చూడగా, వానికంటె తమను ఎవరో పట్టించుకొనుచున్నారను భావమే కార్మికులపై ఎక్కువ ప్రభావము చూపినదని ఎల్టన్ మేయో మొదలగువారు తలచిరి. తరువాతి పండితులు ఆ లెక్కలను శంకించినను, మనిషి యంత్రములో మర కాడను మాట మాత్రము నిలిచినది. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను విచారించి, జీతము, పని పరిస్థితులు సరిగా లేనిచో అసంతృప్తి పుట్టుననియు, అవి సరిగా ఉన్నంత మాత్రమున ఉత్సాహము పుట్టదనియు తేల్చినాడు. సాధించితినను తృప్తి, గుర్తింపు, బాధ్యత – ఇవియే ఉత్సాహమునకు మూలములని అతని మతము.

ఈ సిద్ధాంతమును సగము కడుపుతో పనిచేయు దినకూలికి యథాతథముగా వర్తింపజేయరాదని మా అభిప్రాయము. మానవావసరములలో ఆకలిదే మొదటి స్థానమని 1943లోనే ఏబ్రహాం మాస్లో చెప్పియున్నాడు. పొగడ్తను చూపి కూలి తగ్గించుట ప్రేరణ కాదు, వంచన.

ఉర్దూ, తెలుగు భాషలు రెండును సొంతము చేసుకొన్న మాట ‘శభాష్’. పారసీకమున ‘షాద్ బాష్’, అనగా ‘సంతోషముగా ఉండుము’ అను దీవెన దీనికి మూలము. ఈ దీవెన సకాలమున, చేసిన పనిని పేర్కొనుచు, చేసినవానికే చేరవలెను. మేమెరిగిన ఒక చిన్న అచ్చు కార్యాలయమున ఒక వృద్ధ కార్మికుడు కాగితము వృథా కాకుండ ఒక ఉపాయము చెప్పినాడు. దానిని మేనేజరు తనదిగా చెప్పుకొని మెప్పు పొందినాడు. ఆ వృద్ధుడు పని మానలేదు, తగవు పడలేదు. కాని మరి ఏ ఉపాయమును చెప్పలేదు. అట్టి నష్టము ఏ ఖాతా పుస్తకమునకును ఎక్కదు.

కాకినాడ ప్రయోగము

ప్రేరణను శిక్షణ ద్వారా పెంచవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన ప్రపంచ ప్రసిద్ధ ప్రయోగము మన తెలుగునేలపైననే జరిగినది. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ 1964లో కాకినాడకు చెందిన 52 మందికి హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సుమారు పది దినముల శిక్షణ ఏర్పాటు చేసినాడు. వారిచే కథలు వ్రాయించిరి, ఆటలాడించిరి. తమకు అందీ అందనంత ఎత్తున లక్ష్యమును నిర్ణయించుకొనుట, ఫలితమును తామే కొలుచుకొనుట నేర్పిరి. తరువాతి రెండేండ్లలో వారి నడవడిని గమనింపగా, స్వయముగా వ్యాపారమును నడుపువారిలో సుమారు సగము మంది కొత్త ప్రయత్నములకు పూనుకొనిరి. శిక్షణ పొందనివారిలో అట్టివారు సుమారు నాల్గవ వంతు. ఈ వివరములు 1969లో గ్రంథరూపమున వెలువడినవి.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. శిక్షణ ఫలించినది ప్రధానముగా నిర్ణయాధికారము చేతిలో గలవారియందే. అనగా ఉత్సాహమును నూరిపోసి, చేతులు కట్టివేసినచో ప్రయోజనము లేదు. ఉద్యోగికి తన పని పరిధిలోనైనను కొంత స్వాతంత్ర్యము ఈయవలెను.

ఉన్నతాశయము

పని ఎందులకో తెలిసినపుడు శ్రమ తేలికగును. డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యమున ఆరంభమైన ఇ.సి.ఐ.ఎల్., ఎలక్ట్రానిక్స్‌లో దేశము పరుల చేయి చూడరాదను ఆశయముతో నడిచినది. మన ఎన్నికలలో వాడు ఓటింగు యంత్రములను తయారుచేయు రెండు సంస్థలలో ఇది ఒకటి. తాను అతుకుచున్న తీగ ఒక పౌరుని ఓటును మోయునని ఎరిగిన కార్మికుడు దానిని అశ్రద్ధగా అతుకగలడా? ఉద్యోగుల గృహవసతికై వెలసిన కాలనీ నేటికిని ఎ.ఎస్. రావు నగర్ అను పేర పిలువబడుచున్నది. ఆశయముతో పాటు ఇల్లు కూడ కావలెనని గుర్తించుట అందలి విశేషము.

ముగింపు

తగిన వేతనము, న్యాయమైన గుర్తింపు, కొంత స్వాతంత్ర్యము, స్పష్టమైన ఆశయము – ఈ నాలుగును కలిసినపుడే కార్యోత్సాహము నిలుచును. ఒకదాని లోపమును మరియొకటి పూరింపజాలదు. ఈ సూత్రము కళాశాలకును వర్తించును. ప్రయోగశాలలో గాజు పాత్రలు కడుగువాడు, గ్రంథాలయమున చినిగిన పుస్తకమునకు అట్ట వేయువాడు, ఉదయమున తరగతి గదుల తాళములు తీయువాడు మన చదువులో పాలు పంచుకొనుచున్నవారే. వారి పేర్లు మనలో ఎందరికి తెలియును? కళాశాల కమిటీ పెద్దలు వార్షికోత్సవ వేదికపై విద్యార్థులతో పాటు వారిని కూడ సత్కరింపవలెనని మా మనవి. రేపు ఉద్యోగులుగా, అధికారులుగా వెళ్ళబోవు విద్యార్థులు ఈ పాఠమును ఇచ్చటనే అభ్యసింతురు గాక.