పెన్న పారితే పిల్లలు ఆగుతారా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది తాడిపత్రి దగ్గర పల్లె. మావాడికి పన్నెండేళ్లు. పెన్నకు నీళ్లొచ్చినప్పటి నుంచి బడి వదలగానే ఈదులాడను ఏటికే పోతున్నాడు. రెండు రోజులుగా చెవిపోటు అంటున్నాడు. కేరళలో మెదడును తినే అమీబా గురించి టీవీలో చూసి నాకు నిద్ర పట్టడం లేదు. ఈత మాన్పించాలా?

జవాబు: మాన్పించకండమ్మా. చెవి డొప్పను మెల్లగా లాగినప్పుడు పోటు ఎక్కువైతే, అది చాలావరకు నీళ్లు నిలిచి చెవి గొట్టంలో వచ్చిన ఇన్ఫెక్షనే. వేడి నూనె పోయొద్దు, పుల్ల పెట్టి తిప్పొద్దు. డాక్టరుకు చూపించి చుక్కల మందు వేయండి. తగ్గేదాకా తల ముంచనివ్వొద్దు.

అమీబా జబ్బు ప్రాణాంతకమే, కానీ చాలా అరుదు. నీళ్లు తాగితే రాదు, ముక్కులోకి ఎక్కితేనే వస్తుంది. ఎండకు కాగి నిలిచిపోయిన మడుగుల్లో దూకొద్దని చెప్పండి. ఈదిన పన్నెండు రోజుల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఏట్లో ఈదిన సంగతి అక్కడ తప్పక చెప్పండి. కాళ్లకు పుండ్లున్నప్పుడు మాత్రం నీళ్లలో దిగనివ్వొద్దు. పశువుల, ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చు.

నాకు నిజంగా భయం వేసేది ఇసుక గుంతలంటే. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్న, మన జిల్లాలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఒట్టి ఇసుకే. ఆ రోజుల్లోనే తవ్వేస్తారు. నీళ్లొచ్చాక గుంతలు కనబడవు. ఏరు నెమ్మదిగానే పారుతున్నట్టుంటుంది. మోకాటి లోతని నాలుగడుగులు వేసిన పిల్లాడు ఐదో అడుగుకు మునిగిపోతాడు. పైగా ఈ కరువు సీమలో మన పిల్లలకు ఈత ఎక్కడొస్తుంది? మా తరం నడుముకు సొరబుర్ర కట్టుకుని బావుల్లో నేర్చుకుంది. ఆ బావులు చాలావరకు ఎండిపోయాయి. అందుకే ఈత బాగా వచ్చిన పెద్దవాళ్లను తోడు పంపి, ఎండాకాలంలో ఏరు చూసి గుంతల్లేవని తెలిసిన చోటే నేర్పించండి.

ఎవరైనా మునిగితే ఈత రానివాళ్లు దూకొద్దు. చీర, తాడు, ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరండి. బయటికి తీసినవాణ్ని తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణం నిలిచే నిమిషాలు అందులోనే పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదండి. అయినా కదలకపోతే రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, ఇలా 108 అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని మాట్లాడినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా పెరగొచ్చు.