గౌరిది మొండితనం కాదమ్మా, పళ్ల బాధ

ప్రశ్న: మా నాన్నగారు జట్కా తోలేవారు. బండి మూలపడి పన్నెండేళ్లు కావస్తోంది, ఆయన పోయి మూడేళ్లు. ఆయన చివరి గుర్రం గౌరి మా పెరట్లోనే ఉంది. పొట్టి రకం. వయసు 25 దాటి ఉంటుంది. ఏడాదిగా తిండి దగ్గర మరీ పేచీ పెడుతోంది. వరిగడ్డి మూతి దగ్గరికి రానివ్వదు. పచ్చగడ్డి వేస్తే కాసేపు నమిలి, ఉండలు చేసి ఉమ్మేస్తుంది. ఇడ్లీ, బెల్లం, ఉడికించిన ఉలవలు పెడితే మాత్రం గాడి నాకేస్తుంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పీచు ఎక్కువ పెట్టాలని పశువుల ఆసుపత్రిలో చెప్పారు. పీచంటే గడ్డే కదండీ, అదే తినకపోతే ఏం పెట్టాలి? దర్జీ టేపుతో కొలిస్తే ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ 132 సెంటీమీటర్లు, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా 126 వచ్చింది. ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. నాకు మనసు రావడం లేదు.
- ఒక పాఠకురాలు, పిఠాపురం దగ్గర

జవాబు: ఇవ్వకండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి గౌరికి ఇంకా ఆకలి ఉంది. ఆకలి ఉన్న ముసలి గుర్రాన్ని నిలబెట్టుకునే దారులు చాలా ఉన్నాయి.

మీరు ఫిర్యాదుగా రాసిన ఆ గడ్డి ఉండలే నాకు అసలు సంగతి చెప్పాయి. ఈసారి ఉమ్మేసినప్పుడు ఒకటి చేతిలోకి తీసుకుని విప్పి చూడండి. పోచలు చొంగతో తడిసి, నలిగి ఉంటాయి కానీ తెగి ఉండవు. అంటే నమలాలని చూసింది, నమలలేకపోయింది. అలాగే గుప్పెడు లద్దె తీసి బకెట్ నీళ్లలో కడిగి, పాత చీర ముక్కలో వడకట్టండి. పళ్లు బాగున్న గుర్రం లద్దెలో పీచు సన్నగా, నాలుగైదు మిల్లీమీటర్లకు మించకుండా ఉంటుంది. గౌరి లద్దెలో వేలి కణుపంత పోచలు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

గుర్రం దవడ పళ్లు 24. అవి మన పళ్లలా ఒకసారి మొలిచి ఆగిపోవు. ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పైకి జరుగుతూనే ఉంటాయి, గడ్డి నమలడంలో అంతే అరుగుతూ ఉంటాయి. చిగురులోపల దాచుకున్న ఆ పంటి నిల్వ పాతికేళ్లు దాటేసరికి అడుగంటుతుంది. కొన్ని పళ్లు కదులుతాయి, కొన్ని ఊడిపోతాయి. సగం అరిగిన పంటి అంచు కత్తిలా తేలి బుగ్గను కోస్తుంది. పళ్ల సందుల్లో ఇరుక్కున్న గడ్డి కుళ్లి చిగురు పుండవుతుంది. ఆ నోటితో వరిగడ్డి నమలమంటే ఎలా నములుతుంది? మెత్తగా ఉన్నాయి కనుకే ఇడ్లీ, ఉలవలు తింటోంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి ముసలి గుర్రానికే మూడు వారాలు ఆకలి పొడులు, లివర్ టానిక్కులు రాశాను. నాలుగో వారం నోరు తెరిచి చూస్తే బుగ్గ లోపల రూపాయి బిళ్లంత పుండు. ఆ మూడు వారాలూ అది పడ్డ బాధ నా వల్లేనన్న మాట నేను మరిచిపోలేదు. అందుకే ఏ దాణా కొనకముందే డాక్టరును పిలిచి నోరు చూపించండి. మత్తు ఇచ్చి, నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, టార్చి వేసి వెనక పళ్ల దాకా చూడాలి. పదునైన అంచులు రాయించాలి, కదిలేవి తీయించాలి. ఈ వయసులో ఆరు నెలలకోసారి చూపించాలి. మీరు మాత్రం చెయ్యి లోపల పెట్టకండి. ఎంత సాధువైనా నొప్పి పుడితే కొరుకుతుంది. ఎండలు ముదిరినా బొచ్చు రాలకుండా పొడుగ్గా ఉన్నా, నీళ్లు అతిగా తాగుతున్నా అదీ డాక్టరుకు చెప్పండి. అది కుషింగ్స్ జబ్బు కావచ్చు. అప్పుడు బెల్లం, అరటిపండు పూర్తిగా మానేయాలి. లేకపోతే గిట్టలు వాచి కుంటిదవుతుంది.

ఇక పీచు. గుర్రం తిన్న పీచు పులిసేది పొట్టలో కాదు, చివర ఉన్న పెద్దపేగులో. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని అరిగించి శక్తినిస్తాయి. పీచు నీటిని కూడా పట్టి ఉంచుతుంది. అది తగ్గితే పేగు కదలిక మందగించి శూల వస్తుంది. గుర్రానికి చొంగ ఊరేది నమిలేటప్పుడే, పొట్టలో ఆమ్లం మాత్రం రోజంతా ఊరుతుంది. ఖాళీగా ఉంచితే పొట్టలో పుళ్లు పడతాయి. ఉలవలు మంచివే, మన తాతల నాటి నుంచీ గుర్రపు దాణా అవే. కానీ అవి గడ్డి చేసే పని చేయలేవు. ఇడ్లీ అసలే చేయలేదు.

మీ కొలతలతో లెక్క వేశాను. ఛాతీ కొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. గౌరి సుమారు 185 కిలోలు. ఎండు లెక్కన రోజుకు బరువులో నూటికి ఒకటిన్నర వంతు, అంటే 2.8 కిలోల మేత తప్పనిసరి. చిక్కిపోయింది కనుక మూడు కిలోలు దాటితే మంచిది.

నమలలేని గుర్రానికి మనమే నమిలి పెట్టినట్టు పెట్టాలి. లూసర్న్ గుళికలు కిలోంపావు, సోయా పొట్టు ముప్పావు కిలో, గోధుమ తవుడు పావు కిలో. ఇది ఒక రోజుకు. రేసు గుర్రాలకు దాణా అమ్మేవారి దగ్గర గుళికలు దొరుకుతాయి, పార్సిలు పంపుతారు. సోయా పొట్టు దొరక్కపోతే శనగ పొట్టు వాడండి. వీటికి రెండు మూడు రెట్లు నీళ్లు పోసి గంటసేపు నాననివ్వండి. గుళిక వేళ్ల మధ్య నలిపితే గట్టి పలుకు తగలకూడదు. తగిలితే ఇంకాసేపు ఆగండి. జావలా చేసి, మూడు చెంచాల ఉప్పు కలిపి, రోజుకు నాలుగైదుసార్లుగా పెట్టండి. పొద్దున నానబెట్టింది సాయంత్రానికి పులుస్తుంది. ఏ పూటకాపూటే చేసి, తొట్టి కడగాలి. పులిసిన వాసన తగిలిన తొట్టిలో మళ్లీ మూతి పెట్టదు. దీంతోపాటు లేత గరిక నాలుగు కిలోలు, అంగుళంలోపు ముక్కలుగా కోసి వేయండి. కొంత ఉమ్మేసినా ఫరవాలేదు. వరిగడ్డి పూర్తిగా ఆపండి. నమలకుండా మింగిన వరిగడ్డి పేగులో గడ్డకడుతుంది.

తినకపోతే ఏం చేయాలని మీరు అడగబోయేది నాకు తెలుసు. మొదటి రోజు దాని ఉలవల్లో గుప్పెడు జావ కలపండి, అంతే. రోజుకు కాస్త కాస్త పెంచుతూ రెండు వారాల్లో మార్చండి. తొందరపడితే పేగులోని సూక్ష్మజీవులు తట్టుకోలేవు. ఉప్పూకారం లేని ఉలవకట్టుతో నానబెడితే తనకు తెలిసిన వాసనే వస్తుంది. గుర్రాలకు ఏ రుచులు ఇష్టమో బ్రిటన్‌లో పరీక్షించి చూస్తే మెంతులు, అరటిపండు అన్నిటికన్నా ముందు నిలిచాయి. రెండూ మీ ఇంట్లో ఉన్నవే. చెంచాడు మెంతిపొడి చల్లండి. తినేటప్పుడు పక్కన నిలబడండి. నాన్నగారు ఏ వేళకు, ఏ మాట అంటూ పెట్టేవారో మీకు గుర్తుంటే అలాగే పెట్టండి.

ఒక హెచ్చరిక. తింటూ తింటూ మెడ చాచి, ముక్కుల్లోంచి మేత కారుతుంటే గొంతులో అడ్డుపడిందని అర్థం. తొట్టి తీసేసి వెంటనే డాక్టరును పిలవండి. గేదెలకు పోసినట్టు వెదురు గొట్టంతో నూనె, నీళ్లు పోయనివ్వకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే బతకడం కష్టం.

ప్రశ్న: మా పాప కోసం కొన్న పొట్టి గుర్రం ముసలిదైంది, దాణా ముట్టడం లేదు. గేదెల దాణా గుళికలు మాత్రం ఇష్టంగా తింటోంది. అవే పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: వద్దు. ఈ రోజే ఆపండి. కొన్ని పశుదాణాల్లో, చాలా కోళ్ల దాణాల్లో మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కలుపుతారు. గేదెకు, కోడికి ఏమీ కాదు. గుర్రానికి మాత్రం అవి గుండె కండరాన్ని చంపే విషం, అదీ కొద్ది మోతాదులోనే. విరుగుడు లేదు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే ఆ బస్తాలో లేకపోయి ఉంటుంది, రేపటి బస్తా సంగతి ఎవరు చెప్పగలరు? బస్తాలు గుర్రానికి అందని గదిలో పెట్టి గొళ్లెం వేయండి. నీరసం, చెమటలు, తూలుడు కనబడితే నడిపించకుండా నిలబెట్టిన చోటే ఉంచి డాక్టరును పిలవండి.

ప్రశ్న: మా పొలంలో సూపర్ నేపియర్ బోలెడంత ఉంది. ఇరవై ఏళ్ల గుర్రానికి ఏడాదంతా అదొక్కటే వేస్తున్నాం. చాలదా?
- ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: కడుపు నిండుతుంది, ఎముక నిండదు. నేపియర్‌లోని ఆక్సలేట్ మేతలోని కాల్షియాన్ని ఒంటికి అందకుండా కట్టేస్తుంది. నెలల తరబడి అదే వేస్తే ముఖం ఎముకలు ఉబ్బి కుంటుతుంది. తవుడు ఎక్కువైనా ఇదే కీడు. సగానికి తగ్గించి గరిక, లూసర్న్ కలపండి. ముదిరిన కాడ వేయకండి. ఛాఫ్‌కట్టర్‌లో సన్నగా కొట్టి, కోసిన రోజే వాడేయండి. కుప్పపోసి వేడెక్కిన గడ్డి గుర్రానికి పనికిరాదు.