ఢిల్లీ టు శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం పెరిగింది, టైమ్ తగ్గింది!



మన కుటుంబాల్లో చాలామందికి కాలిఫోర్నియాలో అన్నయ్యో, పిన్నివాళ్లో ఉంటారు. "అక్కడికి విమానంలో ఎన్ని గంటలు పడుతుంది?" అని పిల్లలు అడిగితే ఫోన్‌లో చూసి చెప్పేస్తాం. ఈ నెల జవాబు చెప్పకుండా వాళ్ల చేతికి ఒక గ్లోబ్, కాస్త దారం ఇవ్వండి. సోషల్, మ్యాథ్స్, సైన్స్ మూడూ ఈ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి.

1. దూరం: దారంతో కొలుద్దాం

గోడకున్న ప్రపంచ పటంపై ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలుతో గీస్తే గీత అట్లాంటిక్ మీదుగా పోతుంది. గ్లోబ్ మీద అవే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టండి. అది చైనా, రష్యా దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా అలాస్కా వైపు దిగుతుంది. అసలు దగ్గరి దారి అదే. భూమి గుండ్రంగా ఉంటుంది, పటం చదునుగా ఉంటుంది. తేడా అక్కడే వస్తుంది.

ఇప్పుడు భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి కొలవండి. అది సుమారు 40,000 కి.మీ.కు సమానం. ఆ లెక్కన మొదటి దారం సుమారు 12,400 కి.మీ. అవుతుంది.

2. సమయం: గాలినీ లెక్కలో వేసుకోవాలి

గంటకు 900 కి.మీ. వేగమైతే 12,400 ÷ 900, అంటే దాదాపు 13 గంటల 47 నిమిషాలు. పుస్తకం లెక్క ఇంతటితో ఆగుతుంది. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఈ రూట్‌లో అట్లాంటిక్ దారి (సుమారు 13,900 కి.మీ.) వదిలి పసిఫిక్ మీదుగా (సుమారు 15,300 కి.మీ.) వెళ్లింది. దారి 1,400 కి.మీ. పెరిగినా ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో పూర్తయింది. కారణం, చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు. వీటినే జెట్ స్ట్రీమ్ అంటారు. తూర్పుకు వెళ్లే విమానాన్ని అవి వెనక నుంచి తోస్తాయి.

3. గడియారం: తీసివేతతో జాగ్రత్త

చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే 13:30 గంటలు వెనక ఉంటుంది. ఢిల్లీలో ఉదయం 4:00కు బయల్దేరి, అక్కడి టైమ్ ప్రకారం అదే రోజు ఉదయం 6:00కు దిగారనుకుందాం. చాలామంది పిల్లలు 6లోంచి 4 తీసేసి "రెండు గంటలు" అని రాసేస్తారు. నిజానికి 2 + 13:30 = 15:30 గంటలు.

ఇక్కడ మార్కు పోవడం చిన్న విషయం. రెండు గంటల్లో అమెరికా చేరడం సాధ్యమేనా అని పిల్లలు ఆగి ఆలోచించకపోవడమే అసలు సమస్య. ఈ అలవాటు ఇప్పుడు పడకపోతే రేపు ఏ లెక్కలో తప్పు వచ్చినా వాళ్ల కంటికి ఆనదు.

ఇంట్లో చేయించండి

చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 9:00కు బయల్దేరి, మర్నాడు మధ్యాహ్నం 2:30కు ఢిల్లీలో దిగితే ప్రయాణం ఎన్ని గంటలు?

(జవాబు: 29:30 – 13:30 = 16 గంటలు)

జవాబు రాగానే "ఎలా వచ్చిందో నాకూ చెప్పు నాన్నా" అని అడగండి. వాళ్లు మీకు వివరించి చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే.