ఫ్లాటు కొంటున్నారా? చేయవలసినవి - చేయకూడనివి

ఇల్లు కట్టకముందే జనం దగ్గర డబ్బు వసూలు చేసి చేతులెత్తేసే బిల్డర్లను అదుపు చేయడానికే 2016లో రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులో ఉంది. అయినా మోసపోయేవారు మోసపోతూనే ఉన్నారు. కాగితాలు అడగవలసింది డబ్బు చేతిలో ఉన్నప్పుడే.

చేయవలసినవి

• రెరా నంబరు అడగండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

• ఆ నంబరును రెరా వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి, బ్రోచర్‌ను నమ్మకండి.

• మంజూరైన ప్లాను తెప్పించుకుని అంతస్తులు లెక్కపెట్టండి.

• చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టడాలు నిషేధించిన మేర) హద్దులు తెలుసుకోండి. హైదరాబాద్‌లో చెరువు హద్దుల్లో కట్టిన ఇళ్ల కూల్చివేతలు చూశాక కూడా చాలామంది ఈ ఒక్కటే మరుస్తున్నారు.

• మున్సిపాలిటీకి తనఖా పెట్టిన ఫ్లాట్లు ఏవో కనుక్కోండి.

• ధర కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకోగల విస్తీర్ణం) మీద లెక్క కట్టించుకోండి.

• చెక్కు ప్రాజెక్టు ఖాతా పేరునే రాయండి. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి.

• గడువు దాటితే వడ్డీతో వాపసు కోరండి, లేదా ఇల్లు అప్పగించేదాకా నెలనెలా వడ్డీ కోరండి.

• అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే రాతపూర్వకంగా తెలపండి. 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయడం బిల్డర్ బాధ్యత.

చేయకూడనివి

• ప్రీలాంచ్ ఆఫర్లకు డబ్బు కట్టకండి. సగం ధరకే ఇస్తామన్నా కట్టకండి. రిజిస్ట్రేషన్ కావలసిన ప్రాజెక్టును అది లేకుండా ప్రచారం చేయడమే చట్టవిరుద్ధం.

• యూడీఎస్ రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోకండి. దానితో వచ్చేది స్థలంలో విడదీయని వాటా మాత్రమే, ఫ్లాటు కాదు.

• అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు ధరలో 10 శాతానికి మించి ఇవ్వకండి.

• రసీదు లేని నగదు అసలే ఇవ్వకండి.

• బంధువే కదా అని రెరా నంబరు లేని ఏజెంటును నమ్మకండి.

• ప్లానులో లేని పెంట్‌హౌస్ కొనకండి.

• ముహూర్తం దాటిపోతుందని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకముందే గృహప్రవేశం చేయకండి.

• పని నడుస్తున్న భవనంలోకి పిల్లాపాపలతో వెళ్లకండి. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. పొట్టకూటికి వెళ్లిన మన ఉత్తరాంధ్ర కూలీలూ వారిలో ఉన్నారు.

• హాలు పెద్దది చేసుకోవాలని పిల్లర్లు, బీములు కొట్టించకండి. మీ పైన ఉన్న అంతస్తులన్నీ వాటి మీదే నిలబడ్డాయి.